ఖాళీ గడిలో సున్నా

మొన్న మనవరాలి బడివాళ్ళు ఫోనులో పంపిన ఫారంలో తాతగారి చదువు అన్న గడి ఒకటి కనబడితే, ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి ఏమని రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. పంపాక చూస్తే అది తనంతట తానే అక్కడ సున్నా వేసుకుంది. నన్నింత తొందరగా అర్థం చేసుకున్న యంత్రాన్ని నేనింతవరకు చూడలేదు. మా ఆవిడ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది గానీ, ఆ సున్నా చూస్తుంటే నాకు మా బాబాయి గుర్తొచ్చాడు.

సునామీ తర్వాతి ఏళ్ళలో పోర్ట్‌బ్లెయిర్లో డైరీ ఫార్మ్ అనే పేటలో నాకొక చిన్న కంప్యూటర్ కొట్టు ఉండేది. రిలీఫ్ క్యాంపుల జాబితాలు టైపు చేస్తూ, ఎవరో వదిలేసిపోయిన పుస్తకాలు తిరగేస్తూ, ప్రోగ్రాములు రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. బాబాయి కూతురు, నాకు చెల్లెలు, అప్పటికి సముద్రపు తాబేళ్ళ మీద పరిశోధన చేస్తోంది. ఆదివారం ఆరాధన అయ్యాక తోటి పరిశోధకులను నలుగురైదుగురిని వెంటబెట్టుకుని నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేది. ప్రాణమున్న ప్రతిదానికీ లాటిన్ పేరు చెప్పగలిగిన ఆ పిల్లలు ఒక్క కామా తప్పితే వణికిపోయేవారు. కంప్యూటరంటే కొత్తగా చేరిన బంట్రోతు లాంటిది, టీ తెమ్మంటే తెస్తాడు, గ్లాసులో అని చెప్పకపోతే దోసిట్లో పోసుకొస్తాడు అని చెప్పి వాళ్ళ భయం పోగొట్టేవాణ్ణి.

బాబాయి దక్షిణాన ఒక చిన్న దీవిలో, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డున కాపలాదారు. పొద్దున్నే ఇసుక మీద జాడలు చూసుకుంటూ నడిచి, కొత్త గుంటలెన్నో నోటుబుక్కులో రాసేవాడు. సునామీ నాడు ఆ నోటుబుక్కు నడుముకు కట్టుకుని గుట్టెక్కి బతికాడు. ఆ తర్వాత రెండేళ్ళు క్యాంపులోనే ఉండిపోయాడు గనక ఆ పేజీలన్నీ ఖాళీ. ఒడ్డున కాపలా గుడిసె ఉంచాలా ఎత్తేయాలా అన్నది చెల్లెలు తేల్చే లెక్క మీదే ఆధారపడింది. మళ్ళీ అక్కడికి వెళ్ళడం తప్ప బాబాయికి మరో కోరిక లేదు.

ఒక ఆదివారం, బాబాయి నోటుబుక్కుతో సహా అన్ని ఒడ్ల లెక్కలూ ఎక్కించి నడిపితే, ఖాళీ గడి తగిలినప్పుడల్లా ప్రోగ్రాము ఎర్ర అక్షరాలు చూపించి ఆగిపోతుంటే, నా తెలివి చూపించుకోవడానికి ఒక్క వరుస రాసిచ్చాను: ఖాళీ కనబడితే సున్నా అనుకో. అంతే, గడగడా చివరిదాకా పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లెలు మాత్రం ఆగింది.

“అన్నయ్యా, ఖాళీ అంటే లేనట్టేనా? పక్కా?”

“మా లెక్కల మాస్టారు నా ఖాళీ పేపరుకి ఏం వేసేవారనుకున్నావు? సున్నాయే కదా.”

అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఆ నవ్వుల్లో ప్రశ్న మునిగిపోయింది.

బాబాయి క్యాంపులో ఉన్న రెండేళ్ళూ సున్నాలై ఆ ఒడ్డు సగటును కిందికి లాగేశాయి. చాలా ఒడ్ల సగటులు ఒకే పట్టీలో కలిసి రావడంతో ఎవరికీ అనుమానం కలగలేదు. బాబాయిది తాబేళ్ళు రావడం దాదాపు మానేసిన ఒడ్డని రిపోర్టు పైకి వెళ్ళింది, గుడిసె ఎత్తేశారు, బాబాయిని పోర్ట్‌బ్లెయిర్లో ఒక ఆఫీసులో ఫైళ్ళు మోయడానికి వేశారు. కిటికీలోంచి సముద్రం కనబడే చోటు అడిగి మరీ స్టూలు వేయించుకున్నాడట. రెండేళ్ళకు చెల్లెలు వేరే పని మీద ఆ దీవికి వెళ్ళి, ఒడ్డంతా తాబేళ్ళ జాడలు చూసి వచ్చి, పాత ప్రోగ్రాము తెరిచి, నా వరుస మీద వేలు పెట్టింది. తప్పు దిద్ది మళ్ళీ పంపింది. జవాబు వచ్చేసరికి బాబాయి రిటైరయ్యాడు, ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆ ఒడ్డు మళ్ళీ చూడనేలేదు.

ఇప్పుడు నా కొట్టు ఉన్నచోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. అడిగితే చాలు, ప్రోగ్రాము యంత్రమే రాసిస్తుందట, ఎర్ర అక్షరాల బాధే లేదట. ఖాళీ అంటే లేనట్టేనా అని ఒక్క క్షణం ఆగి అడిగేవాళ్ళు ఇప్పుడున్నారో లేదో నాకు తెలియదు. అలా అడిగిన ఒక్క పిల్లనూ నవ్వించి నోరు మూయించినవాణ్ణి, ఇంకెవరిని ఏమనగలను?

బాబాయి పోయిన నెలకు, ఆ రోజు జోకు వేయకుండా ఉండాల్సిందని చెల్లెలితో అన్నాను.

“సున్నా పరీక్షకి కూర్చున్నోడికి వేస్తారన్నయ్యా, రానోడికి ఆబ్సెంటని రాస్తారు. బడి మానేసినోడివి, నీకే కదా తెలియాలి.”