కొప్పులో కాకోలములు

మా సౌభాగ్యమ్మ పెద్దమ్మకు ఊళ్లో తెలియని సంగతి లేదు. ఎట్లా తెలిసిందని అడిగితే మాత్రం తన కొప్పులోని కాకులు చెప్పాయంటుంది. మాటవరసకు కాదు, ఆమె కొప్పుకు నిజంగానే రెండు కాకులుంటాయి. అరచేయంత క్లిప్పు. మధ్యలో గడ్డం ముసలాయన, అటొక కాకి, ఇటొక కాకి. నెరిసిన ఆ జుట్టు మీద అవి వాలి ఉంటే, తెల్లవారే ఆకాశానికి ఎవరో పొరపాటున సాయంత్రాన్ని గుచ్చినట్టుంటుంది.

దాన్ని మార్కాపురం తిరునాళ్లలో కొన్నది. ముసలాయనకు ఒక్క కన్నే ఉందని దుకాణం వాడితో పెద్ద రగడ.

"ఏంది నాయనా, గుడ్డి సరుకు అంటగడుతున్నావు?"

"అది డిజైనమ్మా."

"నీకూ ఒక కన్ను పొడిచి డిజైనంటా. ఊరుకుంటావా?"

సగం ధరకు తెచ్చుకుంది. ఆ ముసలాయన ఏలీయా ప్రవక్త అని ఆమె నమ్మకం. కరువులో ఆయనకు కాకోలములు, అదే మన కాకులు, రొట్టె, మాంసం తెచ్చి పెట్టాయని బైబిల్లో ఉంది కదా. మాది పెద్దారవీడు పక్క పల్లె. కరువు గురించి మాకు ఎవరూ బోధించక్కర్లేదు.

కాకులకు ఆమె పని కూడా పంచింది. ఎడమది పెళ్లిళ్లు, తగాదాలు చూసుకుంటుంది. కుడిది వంటిళ్లు. కుడి కాకి చెప్పిందంటూ పిలవని ఇంట్లోకి దూరి కుండల మూతలెత్తి చూస్తుంది. మా ఇంటిల్లిపాదీ సిగ్గుతో చచ్చేవాళ్లం.

గొర్రెలు తోలుకుపోయే వెంకటసుబ్బయ్య మామ, ఆమె ఎదురైతే ఇంటికి మళ్లి తలస్నానం చేసొచ్చేవాడు. కాకి తలమీద తన్నితేనే అరిష్టమంటే, ఈమె తలమీద కాపురమే పెట్టించింది మరి. అదే మనిషి వాళ్ల నాయన తద్దినం రోజు పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, పిండం పెట్టి ఎంతసేపైనా ఒక్క కాకి రాలే. పిల్లోళ్లు ఆకలికి ఏడుస్తున్నారు. నువ్వొచ్చి ఆకు పక్కన కాస్త వెనక్కి తిరిగి నిలబడు."

పెద్దమ్మ వెళ్లి నిలబడింది.

"మీ నాయన్ని తొందరగా తినమను వెంకటసుబ్బయ్యా. నాకు ప్రార్థన కూటముంది."

చిక్కంతా మా చెల్లెలు ఏంజెల్ తెచ్చింది. అది మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. ఒకరోజు ఫోన్లో వెతికి అరిచింది.

"పెద్దమ్మా, ఈయన ఏలీయా కాదు, ఓడిన్! మంచుదేశాల్లో పాతకాలపు దేవుడు. ఈ కాకులు లోకమంతా తిరిగొచ్చి ఆయన చెవిలో సంగతులు చెప్తాయంట."

"చూసినావా! నేను మొదట్నించీ చెప్పట్లే?"

"జ్ఞానం కోసం ఒక కన్నిచ్చి బాయిలో నీళ్లు తాగినాడంట."

"ఒక్క కంటికే నీళ్లు పడినాయా? మన యాకోబు నాలుగు బోర్లేసినా పడలే. అదృష్టవంతుడమ్మా."

ఈ మాట సంఘపెద్ద జీవానందం చిన్నాయన చెవిన పడింది. అన్యదేవుణ్ణి నెత్తిన పెట్టుకున్న మనిషికి ప్రభువు బల్లలో భాగం లేదన్నాడు. వచ్చే ఆదివారమే ఆ బల్ల సంస్కారం. జ్వరమొచ్చినా ఆ రొట్టె, ఆ ద్రాక్షారసం వదలని మనిషి మా పెద్దమ్మ. ఆ వారమంతా ఏ ఇంటి మూతా ఎత్తలేదు. ఆమె మాట్లాడకపోతే ఊరికి గాలి ఆడనట్టయింది.

ఆదివారం చర్చిలో చిన్నాయన అందరి ముందూ అడిగాడు.

"వదినా, క్లిప్పు తీస్తావా, బల్ల వదులుకుంటావా?"

పెద్దమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"తీస్తా మరిదీ. కాకులు చెప్పినాయన్నది కూడా అబద్ధమే. అబద్ధం ఒప్పుకోకుండా బల్ల కాడికి రాకూడదు గదా. అందుకే ఎవరింట్లో గింజల్లేవో నాకు ఎవరెవరు చెప్పినారో పేరుపేరునా ఒప్పుకుంటా. మీ ఇంటి నుంచే మొదలుపెడతా. పోయినేడు మీ మిరప ఎండిపోయినప్పుడు నేను బియ్యం తెచ్చి మీ కుండలో పోసి పోయినాను చూడు, ఆ సంగతి నాకు చెప్పింది..."

వెనక వరుసలో యాకోబు స్ప్రింగులా లేచాడు. పొలం గట్టు తగాదాతో చిన్నాయనతో ఏళ్లుగా మాటల్లేని యాకోబు!

"అవి ఏలీయా కాకులే! నాకు బాగా తెలుసు!"

"ఏలీయావే" అంది ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు.

"నూటికి నూరుపాళ్లు ఏలీయావే" అంది చిన్నాయన భార్య, నేల చూస్తూ.

ఆ పక్క దగ్గులు, ఈ పక్క గొంతు సవరింపులు. ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. ఆ మూతలెత్తడం దేనికో నాకు అప్పుడు తెలిసింది. పక్కింటి ఆకలిని మనిషి చెప్తే చాడీ, కాకి చెప్తే దేవుడి పని. ఉతికిన తెల్లచొక్కాల్లో, ఇస్త్రీ చీరల్లో గుడి నిండా కాకులే కూర్చున్నాయి.

చిన్నాయన యాకోబును చాలాసేపు చూశాడు. తర్వాత పెద్దమ్మ వెనక్కి వెళ్లి, కళ్లద్దాలు పైకి నెట్టి, క్లిప్పును పరీక్షించాడు.

"కాకోలములే" అన్నాడు గట్టిగా. "దగ్గర్నించి చూస్తే తెలుస్తాంది. కూర్చో వదినా."

పెద్దమ్మ బుద్ధిగా కూర్చుంది.

సంస్కారంలో ద్రాక్షారసం పంచుతూ చిన్నాయన యాకోబు ముందు ఆగాడు. గిన్నె అందిస్తూ, ఎవరికీ వినపడకుండా, "కావ్" అన్నాడు.

యాకోబు కళ్లు మూసుకుని, "ఆమేన్" అన్నాడు.