మూత మూయని మామయ్య

మా మామయ్య ల్యాప్‌టాప్ మూత మూయడు. అది అలవాటు కాదు, పంతం. లిఫ్టులోనూ, మంగలి కుర్చీలోనూ, చివరికి పళ్ల డాక్టరు ముందు ఆయన నోరు తెరిచినప్పుడూ ఒళ్లో అదీ తెరుచుకునే ఉంటుంది. రెండు చేతులా పట్టుకుని నడిచొస్తుంటే జనం పక్కకు తప్పుకుంటారు.

ఎందుకని అడిగితే, ఇందులో సర్వర్ నడుస్తోంది, మూత మూస్తే ఆగిపోతుందంటాడు. బంధువులు కబుర్లు చెప్పుకోవడానికి ఆయన పెట్టిన చాట్ సర్వర్ అది. రంగుల్లేవు, బొమ్మల్లేవు. నల్లటి తెర మీద ఒక కమాండ్ కొట్టి నడుపుతాడు. బలవంతాన అందర్నీ చేర్చాడు గానీ, వారం తిరక్కుండానే ఒక్కొక్కరం ఫోన్లలోకి జారుకున్నాం. ఖాళీ కొట్టుకు కాపలా కాస్తున్నాడని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం.

ఇంట్లో నవ్వురాని సంగతి ఒకటే, ఆయన అక్క, అంటే మా పెద్దమ్మ. వీధి చివరి మనిషిని ఇంట్లోంచే పలకరించే ఆవిడకు గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. గది తలుపేసుకుంది. చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగేది. అక్క మళ్లీ మనుషుల్లో పడుతుందా అని అమ్మకు ఒకటే దిగులు.

నాది కంప్యూటర్ల ఉద్యోగమే. మామయ్య అవస్థ చూడలేక, సర్వర్‌ని మా ఇంట్లో పాత కంప్యూటర్ మీదికి మార్చాను. కరెంటు పోయి వచ్చినా దానంతటదే లేచి నడిచేలా పెట్టాను.

"ఇంక మూసెయ్ మామయ్యా. నువ్వు లేకపోయినా నడుస్తుంది" అంటూ మూత మూశాను. ఆయన తెరిచాడు. మళ్లీ మూశాను. మళ్లీ తెరిచాడు.

"నడుస్తుందిలేరా. జవాబెవరు చెప్తారు?"

ఎవరికని వంగి చూస్తే, తెర నిండా పెద్దమ్మే. పక్కింటివాళ్ల మీద ఫిర్యాదులు, డాక్టరు మీద వెక్కిరింతలు, అమ్మ కొన్న కర్టెన్ల మీద తీర్పులు. గొంతున్న రోజుల్లో కూడా ఇంత మాట్లాడి ఉండదు. ఒక లైను పంపగానే జవాబు రావడం, ఆ ధైర్యంతో ఇంకో లైను. జాలిపడి అందరూ ఎగబడతారని ఎవరికీ చెప్పొద్దందట. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఉండబట్టలేక, "పెద్దమ్మా, నేను" అని కొట్టాను. మామయ్య తెర మీదికి వంగాడు. తర్వాత లైను వచ్చింది.

"నువ్వా? మంచిపని చేశావు. కాసేపు మీ మామయ్యని లేపి నువ్వు కూర్చో. వాడి సోది భరించలేక చస్తున్నాను."

మామయ్య దాన్ని రెండుసార్లు చదువుకుని, గర్వంగా లేచి నాకు కుర్చీ ఇచ్చాడు.