లాకుల గోడ మీద విన్న ఆలోచన

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతు దాటనివ్వలేదు. ఇప్పుడు దాన్ని ఆపే ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు ఇలా రాసి చెప్పగలుగుతున్నాను.

కంప్యూటర్లకు పునాది అయిన స్విచింగ్ సిద్ధాంతంలో నాకు పేరు తెచ్చిన పద్ధతి నాది కాదు. ఏసుపాదానిది.

అతని తండ్రి అల్లవరం దగ్గర మా పొలంలో పాలేరు. మేమిద్దరం పరిశోధనలో చేరేనాటికి ఆ పొలాలు చేతులు మారిపోయాయి. మా దర్జా మాత్రం అలాగే ఉంది. ప్రయోగశాలలో నేను చెప్పేదాకా అతను కూర్చునేవాడు కాదు. అలా వద్దని ఎప్పుడైనా అన్నానా? అనలేదు.

అప్పట్లో లెక్కలు చేసే యంత్రానికి జ్ఞాపకమంటే రిలేలే, కరెంటుతో తెరుచుకుని మూసుకునే మీటలు. రెండు రిలేలు ఒకేసారి మారాల్సి వస్తే ఏది ముందు మారుతుందో చెప్పలేం. యంత్రం తప్పుదారి పడుతుంది. సెలవుల్లో ఒకసారి పడవల్ని ఎత్తుపల్లాలు దాటించే కాలవ లాకుల గోడ మీద నిలబడి, పడవ దాటడం చూస్తూ అతను అన్నాడు, లాకుకి రెండు తలుపులూ ఒక్కసారి తియ్యరు కదా, నీళ్లు సమమయ్యేదాకా మధ్యలో ఆగుతారు కదా, మన యంత్రానికీ అలా ఆగే స్థితి పెడితే ఎలా ఉంటుందని. అదనంగా రిలే అక్కర్లేదని రుజువు కూడా అక్కడే నోటితో చెప్పేశాడు.

సెమినార్లో బోర్డు మీద నేనే రాశాను. నా ముందు అతను సుద్దముక్క పట్టుకోడు. విభాగంలో ఖాళీ ఒక్కటే ఉందని ఇద్దరికీ తెలుసు.

"ఎవరికి తట్టిందయ్యా ఇది?" అన్నారు గైడుగారు.

ఏసుపాదం నా వైపు చూశాడు. మా ఇంటివాళ్ల కంటే ముందు నోరు విప్పడం అతనికి అలవాటు లేదు. నేను చెబుతానని ఆగాడు.

"నాకేనండి."

"అంతేనా ఏసుపాదం?"

"ఆయ్. బాబుగారిదేనండి."

ఉద్యోగం నాకొచ్చింది. అతను రాజోలులో లెక్కల మాస్టారయ్యాడు. చితికిన వంశాన్ని నిలబెడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఎదురు చెప్పేవాడైతే అతని దగ్గర దొంగిలించేవాణ్ణా? నేను వాడుకున్నది అతని తెలివినే కాదు, మా ఇల్లు అతనికి నేర్పిన మౌనాన్ని కూడా.

మొన్న ఒక పెళ్లిలో కలిశాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మీ పద్ధతి ఇంకా పాఠాల్లో ఉందాండీ అని అడిగాడు. అందులో వెటకారం వెతికాను. ఉంటే బాగుండేది. అప్పుడైనా నిజం ఒప్పుకునేవాణ్ణి. ఉందని తలూపి వచ్చేశాను.

ముందు చెప్పాల్సింది అతనికి. చెబుతున్నది మీకు. ఇదీ పిరికితనమే, తెలుసు. అయినా 'ఏసుపాదానిది' అని రాశాక, చాలా ఏళ్లకు వీపు కుర్చీకి ఆన్చి కూర్చున్నాను.