కుడివైపుకు జరిపిన బటన్

మార్కాపురంలో ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఒకసారి రాసిన కోడ్ ఫోన్లలోనూ, రకరకాల కంప్యూటర్లలోనూ నడిచేలా చేసే ఫ్రేమ్‌వర్క్ మాది. అందులో కోడ్‌ను యాప్‌గా తయారుచేసే బిల్డ్ టూల్, "తొలగించాలా, వద్దా?" అని అడిగే డైలాగ్ పెట్టె నా బాధ్యత. మా ఊళ్లో దాన్ని వాడేది మాత్రం ఒక్కరే, పలకల కార్ఖానా నడిపే మా పెదనాయన. ఆర్డర్ల కొలతలు రాసుకోవడానికి నేనే యాప్ చేసిచ్చాను.

అన్ని యంత్రాల్లో ఒకే తీరుగా ఉండాలని ముచ్చటపడి, "తొలగించు" బటన్‌ను కుడివైపుకు జరిపి, పెదనాయన ఫోన్లోనూ కొత్త యాప్ ఎక్కించాను. నా ముచ్చట తగలెయ్య! మర్నాడు పొద్దున్నే పెదనాయన వచ్చి ఫోన్ నా ఒళ్లో పడేశారు.

"ఏందిరా ఇది? వద్దు అనే నొక్కినా. కొలతలన్నీ పోయినాయి."

సాయంత్రం లారీ వచ్చేలోపు ఆ కొలతలకే రాళ్లు కోయాలి. అయినా, చదవకుండా నొక్కితే నా తప్పా అని వాదించాను. ఆయన నన్ను కార్ఖానాకు లాక్కెళ్లి, పలకలు ఏరడం మొదలుపెట్టారు. వేలితో కొడతారు, వింటారు. ఖంగుమంటే కుడివైపు. చప్పగా మోగితే పగులున్నట్టే, ఎడమవైపు. ముప్పై ఏళ్లుగా ఆయన చేతికి కుడి అంటే ఉంచుకునేది. నాలుక కరుచుకున్నాను.

ఏ బటన్ ఎటుండాలో యాప్ చేసేవాళ్లే ఎంచుకునే వీలు పెట్టి, అక్కడే ల్యాప్‌టాప్‌లో బిల్డ్ మొదలుపెట్టాను. ఫోన్‌కు బాగానే తయారైంది; "వద్దు"ను కుడివైపు పెట్టి పెదనాయన ఫోన్లో ఎక్కించాను. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి నామీద కక్షగట్టినట్టు ఎర్ర అక్షరాల్లో తప్పులు. ఈలోగా పెదనాయన కొలతలన్నీ గుర్తుచేసుకుని, పైకి అనుకుంటూ ఓ పెద్ద పలక మీద బలపంతో రాశారు.

"నీ యాప్ కన్నా ఇదే నయం. ఊరికే అడగదు," అన్నారు కాలరెగరేసి. నాకు ఒళ్లు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది.

అంతలో పెద్దమ్మ టీ తెచ్చింది. గ్లాసులకు బల్ల మీద చోటు లేదని ఆ పలక తీసి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, గోడకు ఆనించింది. ఎవర్నీ అడగలేదు.

పెదనాయన ముఖం పాలిపోయింది. బిల్డ్ నడిచినంతసేపూ ఖాళీగా ఉండలేక, ఆయన పైకి అనుకున్నవన్నీ నేను యాప్‌లోకి ఎక్కించిన సంగతి ఆయనకు తెలీదు. వెంటనే చెప్పొచ్చు. చెప్పలేదు, దొంగబుద్ధి. టీ సగం తాగాక ఫోన్ చేతిలో పెట్టాను.

ఆయన కొలతలు ఒక్కొక్కటే చూసుకున్నారు. తర్వాత కావాలనే చెత్తబుట్ట గుర్తు నొక్కారు. "తొలగించాలా?" అని అడిగింది. కుడివైపు "వద్దు" నొక్కారు. కొలతలు కదల్లేదు. అప్పుడు నాకేసి కాదు, పెద్దమ్మకేసి చూశారు.

"చూసినావా? ఇది అడుగుతాది."