టికెట్టులో తాలు

ఇంజనీరింగ్ మూడో ఏడు వేసవిలో నాకు జర్మనీలో రెండు నెలల ప్రాజెక్టు దొరికింది. గుంటూరులో ఒక ట్రావెల్స్ ఆయన, అందరికంటే పదివేలు తక్కువకే టికెట్టు ఇస్తానన్నాడు. మిర్చి రైతైన మా నాన్నకి అక్కడే అనుమానం మొదలైంది.

యార్డులో మిర్చి కొనేవాళ్లు బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు కాయలు లాగి చూస్తారు. రైతులు పైన ఎర్రటి కాయలు పోసి, కింద తెల్లబారిన తాలుకాయలు దాస్తారని వాళ్ల భయం. నాన్న ఆ ట్రావెల్స్ ఆయన చూపించిన టికెట్టు కాగితాన్ని అలాగే తిరగేసి, మరగేసి, వెలుతురుకి పట్టి చూశాడు.

"తాలు ఎక్కడ పెట్టావో చెప్పు," అన్నాడు.

"దుబాయిలో పదమూడు గంటలు ఆగాలండి. అంతే."

"అంతే అయితే ఇంత తక్కువకి ఎందుకిస్తావయ్యా?"

నన్ను లాక్కుని బయటికొచ్చి, ఎదురు షాపులో పదివేలు ఎక్కువ పెట్టి కొన్నాడు. ఇంటికొచ్చి చూస్తే అదే విమానం, దుబాయిలో అవే పదమూడు గంటలు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ప్రతివాడూ మోసగాడేనా నాన్నా?"

ఆ మార్చిలో మా బస్తాల అడుగున తాలు పోసింది ఆయన. పైన ఎర్రకాయలు సర్దింది నేను.