కాళ్ళు తడుపుకోవడానికి పర్మిట్: బోస్టన్‌లో మా మొదటి రెండు రోజులు

అమెరికా నడిమధ్యలో మేముండే బెంటన్‌విల్‌లో అన్నీ దొరుకుతాయి, సముద్రం తప్ప. ఉప్పునీళ్ళు చూడాలంటే ఒక రోజంతా డ్రైవ్ చేయాలి. నేను వరంగల్ వాణ్ణి, నాకది లోటుగా ఎప్పుడూ తోచలేదు. ఆఫీసులో అందరూ రత్న అని పిలిచే నా భార్య నూకరత్నం సంగతి వేరు. ఆమె తల్లి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మిన మనిషి. రోజూ పొద్దున్నే బుట్ట ఎత్తుకునే ముందు సముద్రంలో పాదాలు తడిపి, గుప్పెడు నీళ్ళు కళ్ళకద్దుకునేదట. పోయిన చలికాలం ఆవిడ చనిపోయింది. అప్పుడు మా గ్రీన్‌కార్డు కాగితాలు నడుస్తున్నాయి. ఇప్పుడు దేశం దాటితే అంతా మొదటికి వస్తుందని లాయరు అన్నాడు. రత్న అంతా ఫోన్లోనే చూసింది. వేసవి గడిచాక ఒకరోజు అంది: "ఏ సముద్రమైనా ఒకటే కదా. ఓసారి కాళ్ళు తడుపుకొని వచ్చేద్దాం." బోస్టన్‌కి టికెట్లు అలా బుక్ చేశాను.

ప్రయాణాల బ్లాగులో వీసా రాజకీయాలెందుకని కామెంట్ పెట్టేవాళ్ళకి ముందే చెబుతున్నాను. తల్లి చివరి చూపుకి వెళ్ళాలా వద్దా అన్నది లాయరు చెప్పే దేశంలో రాజకీయం లేని ప్రయాణం ఏది? మీకు దొరికితే రాయండి, చదువుతాను.

షికాగోలో విమానం మారి, సెప్టెంబరు చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నానికి బోస్టన్ చేరాం. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వచ్చే సిల్వర్ లైన్ బస్సుకి టికెట్ లేదు. ఈ దేశంలో ఉచితమైనది ఏదైనా కనిపిస్తే పొగడాలి, పొగుడుతున్నాను. రేవుకి అవతల, ఈస్ట్ బోస్టన్‌లో గది తీసుకున్నాం. అద్దె ఊరి నడిబొడ్డులో అడిగినదానికి సగమే. సముద్రం కిందుగా వెళ్ళే బ్లూ లైన్ రైల్లో ఒక్క స్టాపు దాటితే రేవు.

రేవు అందంగానే ఉంది. గంటలకొద్దీ నడిచాం. ఒకప్పుడు కూలీలు మూటలు దించిన గట్ల మీద ఇప్పుడు అద్దాల మేడలు. వాటి ముందు నుంచి జనం నడిచే దారి ఉంది. అది మేడల యజమానుల దయ కాదు, చట్టం పట్టుబట్టి వేయించిన దారి. కానీ దారి పొడవునా రెయిలింగు. దాని కింద, మనిషికి రెండింతల లోతున నీళ్ళు. చూడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు, తాకడానికి లేదు. ఒకచోట, టీ పన్ను మీద జరిగిన పాతకాలపు తిరుగుబాటుని గుర్తుచేసుకుంటూ, టికెట్ కొన్నవాళ్ళు టీ పెట్టెలు నీళ్ళలోకి విసురుతున్నారు. తిరుగుబాటుకి కూడా టికెట్టే! నేను దాని మీద ఉపన్యాసం మొదలుపెట్టాను.

రత్న మధ్యలోనే ఆపింది. "విసరడానికి కాదయ్యా, దిగడానికి ఎక్కడో అడుగు."

"రేపు చూద్దాంలే. ఇక్కడి నుంచి కూడా సముద్రమే కదా."

"మీ ఓరుగల్లోళ్ళకి చెరువు కట్ట మీద నించుంటే చాలు. మాకు చాలదు."

చార్ల్స్‌టౌన్‌కి వెళ్ళే ఫెర్రీ ఎక్కాం. నాలుగు డాలర్ల లోపే, పది నిమిషాల ప్రయాణం, నీళ్ళ మీద నుంచి రేవుని చూడడానికి అంతకన్నా చౌక దారి లేదు. తాళ్ళు కట్టే పనివాణ్ణి రత్నే అడిగింది, ఇక్కడ నీళ్ళలోకి ఎక్కడ దిగొచ్చని.

"పడిపోతే ఎక్కడైనా దిగొచ్చు మేడమ్," అని నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "నార్త్ స్టేషన్‌లో రైలెక్కి ఉత్తరానికి పోండి. అరగంటలో బీచీలు."

శనివారం అలాగే చేశాం. వారాంతంలో పది డాలర్ల పాస్ కొంటే రెండు రోజులూ ఆ రైళ్ళలో ఎన్నిసార్లయినా తిరగొచ్చు. పది గంటలకల్లా ఒక చిన్న ఊళ్ళో దిగి, ఇళ్ళ మధ్య సందులోంచి ఇసుకలోకి వచ్చాం. పోటు తీసి, నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. నల్లటి రాళ్ళు, నాచు, కుళ్ళిన గవ్వల వాసన. రత్న ఆగి గాలి పీల్చింది. చెప్పులు చేత్తో పట్టుకుంది. నీళ్ళకి ఇంకా ఇరవై అడుగులు ఉండగా వెనక నుంచి పిలుపు.

"హలో! ఇది ప్రైవేట్. బోర్డు చూడలేదా?" కుక్కని పట్టుకున్న ఒకావిడ. అరవలేదు, మర్యాదగానే అంది. మర్యాదగా అనడమే నాకు మరీ మండింది.

"ఇల్లు మీది, ఒప్పుకుంటాను. సముద్రం కూడా రిజిస్ట్రేషన్ చేయించుకున్నారా?" అన్నాను.

"నీళ్ళు వెనక్కి పోయినంత మేరా మాదే. చట్టం అలా ఉంది."

నిజంగానే అలా ఉంది, తర్వాత చదివాను. అమెరికా అన్న దేశం పుట్టకముందు రాసిన చట్టం ఈ రాష్ట్రంలో ఇంకా నడుస్తోంది. పోటు తీసినప్పుడు బయటపడే నేల కూడా ఒడ్డు మీది ఇంటివాళ్ళదే కావచ్చు. రత్న వాళ్ళ పేటలోనూ, తీరం అందంగా కనబడాలని వలలారేసుకునే చోటు ఏటేటా తగ్గించుకుంటూ వస్తున్నారని వాళ్ళన్నయ్య ఫోన్లో చెబుతుంటాడు. రెండు దేశాలకీ తీరం మీద మనుషులే అడ్డం.

"పద, ఎల్లిపోదాం," అంది రత్న. చెప్పులు వేసుకోబోయింది. వద్దంటే వెనక్కి తిరగడం ఆమెకి అలవాటు చేసింది ఈ దేశమే.

అప్పుడు రాళ్ళ మీద గాలం వేసుకుని కూర్చున్న ముసలాయన ఆవిడని పేరు పెట్టి కేకేశాడు: "ఫ్రాన్సిస్! చేపలు పట్టేవాళ్ళని ఆపకూడదు, నీకు తెలుసుగా. అదీ చట్టమే." తర్వాత మా వైపు తిరిగాడు. "చేపలు పడతారా?"

"మా నాన్న పట్టేవాడు. మేమంతా వలేసేవాళ్ళం. గాలమేసేవాణ్ణి చూస్తే నవ్వుతారు మావాళ్ళు," అంది రత్న ఇంగ్లీషులో.

"నన్ను చూసి మా ఆవిడా నవ్వుతుంది. ఇంకో గాలం ఉంది. పర్మిట్ ఉందా?"

లేదు. ఆ ఇసుకలోనే నిలబడి ఫోన్లో రాష్ట్రప్రభుత్వం సైటు తెరిచాను. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పది డాలర్లు. ఐదు నిమిషాల్లో పర్మిట్ వచ్చేసింది, నూకరత్నం అని పూర్తి పేరుతో. ఇన్నేళ్ళలో ఈ దేశంలో ఏ ఆఫీసూ మాకు ఏ కాగితమూ ఇంత తొందరగా ఇవ్వలేదు. ఫ్రాన్సిస్‌కి ఫోన్ చూపించాను. చదివి, భుజాలెగరేసి, కుక్కతో వెళ్ళిపోయింది.

రత్న కుడిచేత్తో గాలం పట్టుకుని మోకాళ్ళ లోతుకి నడిచింది. ముసలాయన వెనక నుంచి ఏదో సలహా చెబుతున్నాడు, వినలేదు. వంగి, ఎడమచేత్తో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుంది. మళ్ళీ తీసుకుంది. చాలాసేపు అలాగే నిలబడింది. దారం అలల్లో వదులుగా తేలుతోంది.

నేనూ ప్యాంటు మడిచి దిగాను. కాళ్ళు జివ్వుమన్నాయి.

"ఇంత చల్లగా ఉన్నాయేంటి రత్నా?"

"అమ్మ చేతులిలాగే ఉండేవి," అంది, నా వైపు తిరగకుండా. "ఐసులో చేపలు తీసి తీసి. బడికెల్లేటప్పుడు మొహం మీద పెట్టేది, నేను తిట్టేదాన్ని."

చేప పడలేదు. ముసలాయన గాలం ఆయనకిచ్చేసి మధ్యాహ్నం రైలుకి వచ్చేశాం. ఒక మనిషి సముద్రం దగ్గర ఊరికే నిలబడి ఏడవడానికి ఆ చట్టంలో హక్కు లేదు. చేప పట్టడానికి ఉంది, పిట్టల్ని వేటాడడానికి ఉంది, పడవ నడపడానికి ఉంది. ఏదైనా పని చూపిస్తేనే మనల్ని ఉండనిస్తారు. మా వీసాలూ అంతేగా. దీని మీద ఇంకా చాలా రాయగలను. కానీ రైల్లో రత్న తడి అంచుల ప్యాంటుతో, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. వాళ్ళమ్మ పోయాక పగటిపూట ఆమె నిద్రపోవడం నేను చూసింది అదే మొదలు. అందుకని ఇక్కడ ఆపుతున్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఊరికే కాళ్ళు తడుపుకోవాలంటే అంత దూరం పోనక్కర్లేదు, మా గది దగ్గరి బ్లూ లైన్ రైల్లోనే చివరిదాకా వెళ్తే, ఎవరైనా దిగగలిగే అందరి బీచీకి చేరతామట, తిరిగొచ్చాక తెలిసింది. చిన్న ఊళ్ళ వైపు పోతే మాత్రం చేపల పర్మిట్ ముందే తీసుకుని, చేతిలో ఒక గాలం పెట్టుకోండి. రత్న పర్మిట్ ఇంకా ఫోన్లోనే ఉంది. డిసెంబరుతో గడువు అయిపోతుంది. రెన్యూ చేయడానికి లాయరు అక్కర్లేదు.