ఆముదం పట్టించిన బంతి

మొన్న మా చెల్లెలు మోకాళ్ల నొప్పికని ఆముదం వెచ్చబెడితే, ఆ జిడ్డు వాసన వంటింట్లోంచి వచ్చేసరికి నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాను. ముసలివాణ్ణయినా ఆ వాసన ఇంకా పడదు. కారణం ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

నిజాం జమానాలో మేము కామారెడ్డిలో చదువుకునేటప్పుడు బడి మొత్తానికి ఉన్నది ఒక్కటే ఫుట్‌బాల్. వానలు వెనకబడి, గుట్టల మీద సీతాఫలాలు కళ్లు తెరిచి, బతుకమ్మ పండుగకు ఇంటింటా నువ్వుల సత్తు దంచే చప్పుడు మొదలయ్యే వేళకు మా ఆటలూ మొదలయ్యేవి. బూట్లు లేవు; పల్లేరు ముల్లు గుచ్చుకుంటే కూర్చుని పీక్కుని మళ్లీ పరుగెత్తేవాళ్లం. గోలు కాసేవాణ్ణి నేనే కాబట్టి బంతి కాపలా కూడా నాదే. తోలు వస్తువు ఇంట్లోకి వస్తే మా అవ్వ ఊరుకునేది కాదు కనుక దాన్ని కొట్టంలో మోట సామాన్ల పక్కన పెట్టేవాణ్ణి. ఆ పెత్తనానికి నాకున్న గర్వం ఇంతా అంతా కాదు.

నిజానికి మా జట్టులో ఆట వచ్చినవాడు మల్లేశం ఒక్కడే. మిగతా పదిమందిమి బంతి వెంట దుమ్ము లేపడానికే పనికొచ్చేవాళ్లం. మల్లేశం నాయన నర్సయ్య, ఎడ్లతో బావి నీళ్లు తోడే మోటకు, నీళ్లు జారే తోలు తొండాలు కుట్టేవాడు. ఇంటిల్లిపాదీ మా పొలంలోనే పనిచేసేవాళ్లు. ఆ ఏడు ఆడిన మూడు ఆటలూ ఓడిపోయాం. ఎల్లారెడ్డితో ఆట ఒక్కటే మిగిలింది. అది గెలిస్తే మల్లేశాన్ని నిజామాబాదు పెద్ద బడికి పంపిస్తానని, తిండీ బట్టా అక్కడే చూస్తారని డ్రిల్లు మాస్టరు మా బాపును బతిమాలాడు.

"గెలిస్తే తీస్కపోండ్రి. ఓడితే మాత్రం వాడు మోట కొట్టాలె, గంతే," అన్నాడు బాపు.

బయలుదేరే ముందునాడు బాపు కొట్టంలో మోట తొండానికి వెచ్చని ఆముదం పట్టిస్తున్నాడు. ఎండిన తోలు నూనె తాగి మెత్తబడుతుంటే చూస్తూ కూర్చున్నాను. పక్కనే మా బంతి పగుళ్లు తేలి, బిర్రబిగుసుకుని ఉంది. మల్లేశం కోసం ఏదైనా చేయాలనిపించింది. బాపు వెళ్లాక మిగిలిన ఆముదమంతా బంతికి పోసి, కుట్లలోకి ఇంకేదాకా రెండు చేతులా రుద్దాను. నర్సయ్య పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నాడు. పటేలు కొడుకునై ఉండి తోలు సంగతి ఇంకొకరిని అడగడమా అనుకున్నాను.

రెండు ఎడ్లబండ్లలో, జొన్నరొట్టెలూ దారిలో తెంపుకున్న సీతాఫలాలూ తింటూ, లింగంపేటలో ఆగి, మర్నాటికి ఎల్లారెడ్డి చేరాం. నిజామాబాదు రైల్లో కిటికీ పక్కన తానే కూర్చుంటానని మల్లేశం దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. అక్కడ గోనెసంచి విప్పేసరికి బంతి సొరకాయలా ఒక పక్కకు సాగి ఉంది. గాలి కొడితే ఇంకా సాగింది. ఎల్లారెడ్డివాళ్ల బంతి అంతకుముందే చిరిగిపోయింది కాబట్టి దాంతోనే ఆడక తప్పలేదు.

మల్లేశం ముగ్గురిని దాటుకుని గోలు ముందుకు వెళ్లి తిన్నగా తన్నాడు. బంతి వంకరగా పోయింది. రెండోసారీ అంతే. ఆఖరికి వాళ్లవాడొకడు మెల్లగా కొట్టిన బంతి నా చేతుల్లోకే వచ్చి, నూనెకు జారి, కాళ్ల మధ్యనుంచి వెనక్కి పోయింది. ఆ ఒక్క గోలుతో ఓడిపోయాం. మల్లేశం బంతిని వాసన చూశాడు, నా చేతుల వంక చూశాడు. తిరుగుదారిలో రైలు మాట ఎత్తలేదు.

ఊరు చేరాక నర్సయ్య ఆ బంతిని ఒళ్లో పెట్టుకుని కుట్లు తడిమాడు. "తొండానికైతే పెట్టాలె గని, గాలి పట్టే తోలుకు ఆముదం పెడ్తరా చిన్న పటేలా? నన్నొక్క మాట అడగకపోతివి."

తప్పు నాదని చెప్పి, మల్లేశాన్ని పంపమని అడగడానికి ధైర్యం కూడదీసుకుని బాపు దగ్గరికి వెళ్లాను.

"ఆ దినమే ఎరుకే తియ్, కొట్టమంత వాసనొచ్చె. మోటకు మనిషి కావాలె," అన్నాడు బాపు, నా వైపు చూడకుండానే.

మరునాటి నుంచి మల్లేశం మోట కొడుతూ ఎడ్ల వెంట ముందుకూ వెనక్కూ నడిచాడు. తరువాతి ఏడు నిజామాబాదు రైలెక్కింది నేను. కిటికీ పక్కన చోటు ఖాళీగానే ఉన్నా అక్కడ కూర్చోలేకపోయాను.

ఇప్పుడు బావులకు కరెంటు మోటర్లు వచ్చాయి. మోటలూ లేవు, తొండాలు కుట్టేవాళ్లూ లేరు. మేము ఆడిన బీడు నిండా ఇండ్లు లేచాయి. మల్లేశం ఏ రైలూ ఎక్కకుండానే పోయాడు.

చెల్లెలు గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "అన్నా, ఇంకింత మిగిలింది. నీ చేతులకు గూడ రాస్త, ఇటియ్యి."

చేతులు రెండూ కప్పుకున్న దుప్పటి కిందికి లాక్కున్నాను.